ఓడ కడుపులో గట్లు



విశాఖపట్నం రేవు నుంచి పోర్ట్ బ్లెయిర్‌కి, అంటే ఇప్పటి శ్రీ విజయపురానికి, ఓడ బయల్దేరే రోజున ఎప్పుడైనా అటు వెళ్ళారా? అండమాన్‌లో మన తెలుగువాళ్ళు చాలామంది స్థిరపడ్డారు. అందుకని ఆ రోజు రేవు దగ్గర మన ఊరి బస్టాండు సందడే ఉంటుంది. ఆవకాయ జాడీలు, తాళ్ళు బిగించిన అట్టపెట్టెలు, చంకల్లో పిల్లలు. రెండు రాత్రుల పైన ప్రయాణం. ఎక్కినవాళ్ళు ముందుగా ఏం చూసుకుంటారు? పడక ఎక్కడ, క్యాంటీన్ ఎక్కడ, బాత్‌రూమ్ ఎక్కడ. కాస్త భయస్తులైతే తలెత్తి, నారింజ రంగు లైఫ్‌బోట్లు వేలాడుతున్నాయో లేదో చూస్తారు. ఉంటాయి. అమ్మయ్య అనుకుంటారు.

నేను ఓడలు కట్టే చోట, వెల్డింగ్ నిప్పురవ్వల మధ్య కొన్నేళ్ళు గడిపినవాణ్ణి. ఆ అమ్మయ్య విన్నప్పుడల్లా నాకు ఒక మాట చెప్పాలనిపిస్తుంది. అయ్యా, అమ్మా, మిమ్మల్ని ముందుగా కాపాడేది ఆ బోటు కాదు. మీ కాళ్ళ కింద, మీకు కనబడకుండా ఉన్న ఇనుప గోడలు. బోటు ఎక్కాల్సి వచ్చిందంటే ఓడ అప్పటికే ఓడిపోయినట్టు. ఓడ ఓడిపోకుండా ఉండడానికి దాన్ని ఎలా కట్టాలి, ఆ నిబంధనలు ఎక్కణ్ణుంచి వచ్చాయి, ఇవాళ ఆ కబుర్లు చెప్పుకుందాం.

మీలో వరిమడి ఎరగనివాళ్ళు తక్కువ. ఎంత పెద్ద చేనైనా ఒకే మడిగా వదిలెయ్యం కదా. గట్లు వేసి చిన్న చిన్న మడులు చేస్తాం. ఒక గట్టుకి గండి పడితే ఆ మడి నీళ్ళే పోతాయి. మిగతా మడులు నిలుస్తాయి. ఓడ కడుపూ అంతే. బయట నుంచి చూస్తే ఒకటే పెద్ద డొల్ల. లోపల మాత్రం ఈ పక్క నుంచి ఆ పక్కకి, అడుగు నుంచి పైదాకా వరసగా ఇనుప గోడలు ఉంటాయి. షిప్‌యార్డులో వీటిని బల్క్‌హెడ్‌లు అంటాం. మనం ఈ పూటకి గట్లు అనే అందాం. ఒక గదికి చిల్లు పడి సముద్రం లోపలికి వస్తే, ఆ గది దాటి పక్క గదిలోకి రాకూడదు. అదీ గట్టు పని.

టైటానిక్ సంగతి మీకు తెలుసు. సినిమా పుణ్యమా అని మన పల్లెల్లో కూడా తెలియనివాళ్ళు లేరు. మంచుకొండ గుర్తుంటుంది, ప్రేమకథ గుర్తుంటుంది. గట్ల సంగతి మాత్రం ఎవరికీ గుర్తుండదు. ఆ ఓడలో 15 గట్లున్నాయి. అంటే 16 గదులు. ముందువైపు నాలుగు గదులు పూర్తిగా నిండిపోయినా తేలేటట్టే కట్టారు. 1912 ఏప్రిల్ 14 రాత్రి తగిలిన దెబ్బ నాలుగు గదులతో ఆగలేదు. అయిదో గది కూడా దాటింది. సరే, అది దురదృష్టం అనుకుందాం. అసలు లోపం ఇంకోటి ఉంది. గట్లు ఎత్తు చాలలేదు. నడిమి గట్లు నీటిమట్టానికి కొంచెం పైదాకా వచ్చి ఆగిపోయాయి. ఓడ ముక్కు కిందికి వంగింది. ముందు గది నిండింది. నిండిన నీళ్ళు గట్టు మీదుగా పొర్లి వెనక గదిలో పడ్డాయి. అదీ నిండింది. మళ్ళీ పొర్లాయి. వానాకాలంలో గట్టు పొర్లి ఒక మడి నీళ్ళు ఇంకో మడిలో పడడం చూస్తాం కదా, అదే జరిగింది. రెండు గంటల నలభై నిమిషాల్లో ఓడ లేదు. దాదాపు పదిహేను వందల మంది లేరు.

గట్లు ఎత్తుగా ఎందుకు కట్టలేదు అంటారా? కట్టడం తెలియక కాదు. అంతకు యాభై ఏళ్ళ ముందే గ్రేట్ ఈస్టర్న్ అని ఒక ఓడ ఉండేది. బ్రూనెల్ అనే ఇంగ్లీషు ఇంజనీరు గీసిన ఓడ. దానికి గట్లు ఎత్తుగా ఉండేవి. పైగా ఒంటికి రెండు తొడుగులు, బయట ఒక ఇనుప చర్మం, లోపల ఇంకొకటి. 1862లో అమెరికా ఒడ్డు దగ్గర రాయి తగిలి దాని అడుగున ఎనభై అడుగులకు పైగా చీలింది. బయటి చర్మమే చీలింది. లోపలిది నిలిచింది. ఓడ తన కాళ్ళ మీద తానే న్యూయార్క్ చేరింది. చూశారా, విద్య ఉంది. కానీ ఎత్తయిన గట్టు ప్రయాణికుల అంతస్తుల్లోకి వస్తుంది. భోజనశాలకి అడ్డం, వసారాకి అడ్డం. అందానికీ అడ్డం, ఆదాయానికీ అడ్డం. అందుకని గట్టు కిందనే ఆగిపోయింది. టైటానిక్ మునిగాక దాని అక్క ఒలింపిక్‌ని వెనక్కి తెచ్చి గట్లు ఎత్తు చేశారు, పక్కలకి రెండో తొడుగు వేశారు. దొంగలు పడ్డ ఆర్నెల్లకి అన్న సామెత ఇలాంటప్పుడే గుర్తొస్తుంది.

ఇవాళ ప్రయాణికుల ఓడ గీసే ఇంజనీరు లెక్క కట్టి చూపించాలి. ఈ గది తెగితే ఓడ ఎంత మునుగుతుంది, ఎటు ఒరుగుతుంది. ఆ పక్క గది కూడా తెగితే? చోటు మార్చి, లోతు మార్చి వందల రకాలుగా ఓడని కాగితం మీద చీల్చి చూడాలి. ఓడ ముక్కు దగ్గర ఒక ప్రత్యేకమైన గట్టు తప్పనిసరి. దేన్నైనా ఢీకొంటే ముక్కు నలిగినా ఆ గట్టు నిలవాలి. అడుగున రెండు అంతరువులు ఉండాలి. ఇవన్నీ ప్రయాణికుడికి కనబడవు. టికెట్ మీద రాయరు.

సరే, గట్టు ఎత్తుగా వేశాం. చాలా? చాలదు. పొలం గట్టుకి తూము ఉంటుంది. తూము మూయకపోతే గట్టు ఎంత ఎత్తున్నా దండగే. ఓడలో కూడా గట్లకి తలుపులు ఉంటాయి, పనివాళ్ళు అటూ ఇటూ తిరగాలి కనక. పక్కలకి కిటికీలు ఉంటాయి.

టైటానిక్‌కి ఒక చెల్లెలు ఉండేది. పేరు బ్రిటానిక్. టైటానిక్ నేర్పిన పాఠమంతా దాన్లో పెట్టి కట్టారు. ఎత్తయిన గట్లు, రెండో తొడుగు, అన్నీ. మొదటి ప్రపంచయుద్ధంలో దాన్ని ఆసుపత్రి ఓడగా మార్చారు. 1916 నవంబరులో గ్రీసు దగ్గర సముద్రంలో మందుపాతర తగిలింది. అక్క రెండు గంటల నలభై నిమిషాలు తేలితే, ఇన్ని జాగ్రత్తలతో కట్టిన చెల్లెలు గంట కూడా తేలలేదు. ఎందుకు? కొన్ని తలుపులు మూసుకోలేదు. వార్డులకి గాలి తగలాలని కింది అంతస్తుల్లో కిటికీలు తెరిచి పెట్టారు. ఓడ ఒరిగింది. ఆ కిటికీల్లోంచి సముద్రం నడిచి వచ్చింది. ఒడ్డు దగ్గర కావడం, పగలు కావడం వల్ల ఎక్కువమంది బతికారు. ముప్పై మంది పోయారు.

అందుకే గట్టు ఒకటే కాదు, తూము కూడా. ఈ మాట మళ్ళీ చెబుతున్నాను. గట్టు కట్టడం ఒక ఎత్తు, తూము మూయడం ఇంకో ఎత్తు. ఇప్పటి నిబంధన ప్రకారం యంత్రశక్తితో నడిచే ఆ తలుపులన్నీ కెప్టెన్ ఉండే చోట నుంచి ఒక్కసారిగా మూసుకోవాలి. అదీ ఒక్క నిమిషం లోపల. ఓడ ఒరిగి ఉన్నా మూసుకోవాలి. ఏ తలుపు తెరిచి ఉందో, ఏది మూసి ఉందో అక్కడ దీపం వెలిగి చెప్పాలి.

దీపం అన్నాను కదా. దాని వెనక ఒక పెద్ద విషాదం ఉంది. 1987 మార్చి 6. బెల్జియంలో జీబ్రుగ్ రేవు. హెరాల్డ్ ఆఫ్ ఫ్రీ ఎంటర్‌ప్రైజ్ అని ఒక ఫెర్రీ. కార్లూ లారీలూ ముందు నుంచి నేరుగా ఓడలోకి ఎక్కుతాయి. అందుకు ముందువైపు పెద్ద తలుపులు. ఆ సాయంత్రం తలుపులు మూయకుండానే ఓడ బయల్దేరింది. మూయాల్సిన మనిషి తన గదిలో నిద్రపోతున్నాడు. పైన కెప్టెన్‌కి అది తెలిసే దారి లేదు. తలుపు మూసుకుందో లేదో చెప్పే చిన్న దీపం పెట్టించండి అని కెప్టెన్లు అంతకు ముందే అడిగి ఉన్నారు. పెట్టించలేదు. ఓడ వేగం అందుకోగానే నీళ్ళు కార్ల అంతస్తులోకి వచ్చాయి.

ఇక్కడ మీరు ఇంట్లోనే ఒక పరీక్ష చేసి చూడొచ్చు. చెంబుతో నీళ్ళు పట్టుకుని నడవండి. ఏమీ కాదు. అవే నీళ్ళు వెడల్పాటి పళ్ళెంలో పోసి నడవండి. చెయ్యి కాస్త వాలిందా, నీళ్ళన్నీ ఆ పక్కకే పరిగెత్తుతాయి. ఆ బరువుకి పళ్ళెం ఇంకా వాలుతుంది. ఇంక ఆపలేరు. కార్ల ఓడలో అంతస్తు మొత్తం అడ్డుగోడల్లేని మైదానం. అంటే పళ్ళెం. అందులోకి నీళ్ళొస్తే ఓడ నెమ్మదిగా మునగదు. పల్టీ కొడుతుంది. ఆ ఓడ నిమిషన్నరలో పక్కకి పడిపోయింది. 193 మంది పోయారు. ఒడ్డు కనబడుతూనే ఉంది. ఆ తర్వాత దీపం తప్పనిసరి అయింది. ఏడేళ్ళకి, 1994 సెప్టెంబరులో, బాల్టిక్ సముద్రంలో ఎస్టోనియా అనే ఓడకి ముక్కు ముసుగే ఊడిపోయింది. మళ్ళీ అదే పళ్ళెం. 852 మంది. అప్పటి నుంచి యూరపులో కార్ల అంతస్తులో నీళ్ళు నిలిచినా ఓడ నిలబడేట్టు కట్టాలన్నారు.

ఇప్పుడు లైఫ్‌బోట్ల దగ్గరికి వద్దాం. టైటానిక్‌లో బోట్లు చాలలేదని అందరూ అంటారు. నిజమే. దాదాపు 2,200 మంది ఉంటే 1,178 మందికే చోటు. కానీ అంతకంటే విడ్డూరం ఏమిటంటే, ఆ ఓడ చట్టాన్ని తప్పలేదు. చట్టం అడిగినదాని కంటే ఎక్కువే పెట్టింది. ఆనాటి బ్రిటిష్ నిబంధన ప్రకారం పదివేల టన్నులు దాటిన ఏ ఓడకైనా పదహారు బోట్లు చాలు. నిబంధన రాసినప్పుడు ఓడలు ఇంత పెద్దవి అవుతాయని అనుకోలేదు. ఓడలు పెరిగాయి. నలభై ఆరు వేల టన్నుల ఓడ వచ్చింది. నిబంధన పెరగలేదు. పదేళ్ళ పిల్లాడికి కుట్టిన చొక్కా పాతికేళ్ళవాడికి తొడిగి, చొక్కా ఉంది కదా అన్నట్టు.

ఇప్పుడు అంతర్జాతీయ ప్రయాణం చేసే ప్రయాణికుల ఓడలో ఎక్కిన ప్రతి ప్రాణికీ చోటు ఉండాలి. ఆ పైన ఇంకో పావు వంతు మందికి చోటు అదనంగా ఉండాలి. బాగుంది కదూ? ఉండండి. బోట్లు ఎక్కువైతే మంచిదే అని తల ఊపేయకండి. ఒక కథ చెబుతాను.

1915 జులై 24. అమెరికాలో షికాగో నగరం. ఒక కంపెనీ తన పనివాళ్ళని కుటుంబాలతో సహా విహారానికి తీసుకెళుతోంది. పొద్దున్నే కొత్తబట్టలు కట్టుకుని, తినుబండారాల బుట్టలు పట్టుకుని జనం వచ్చారు. ఈస్ట్‌లాండ్ అనే ఓడ ఎక్కారు. రెండున్నర వేల మందికి పైగా. అది ముందు నుంచీ పైబరువు ఎక్కువైన ఓడ. అంతకు ముందు కూడా ఒరిగిన చరిత్ర ఉంది. టైటానిక్ పోయాక బోట్లు పెంచాలని చట్టం వచ్చింది. బోట్లు పెంచారు. ఎక్కడ పెట్టారు? పైన. పై అంతస్తు మీద. అసలే పైబరువు, దాని మీద ఇంకా బరువు. ఓడ ఇంకా కదల్లేదు. రేవుకి కట్టిన మోకులు కట్టినట్టే ఉన్నాయి. అటు ఊగింది, ఇటు ఊగింది, నదిలోకి పక్కకి పడుకుంది. ఒడ్డుకి కొన్ని అడుగుల దూరం. ఓడ సగం నీళ్ళ పైనే కనబడుతోంది. 844 మంది పోయారు. అమ్మా నాన్నా పిల్లలూ, ఒక్కరూ మిగలకుండా పోయిన కుటుంబాలు ఉన్నాయి.

ప్రాణాలు కాపాడమని పెట్టిన బోట్లే ప్రాణం మీదకి తెచ్చాయి. బరువు ఎంత అన్నది కాదు ప్రశ్న. బరువు ఎంత ఎత్తులో ఉంది అన్నది ప్రశ్న. తలమీద గడ్డిమోపు ఎత్తుకుని ఏటిగట్టు మీద నడిచినవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు.

అందుకే ఓడ కట్టడం పూర్తయ్యే రోజుల్లో ఒక పరీక్ష ఉంటుంది. షిప్‌యార్డులో నాకు అన్నిటికంటే ఇష్టమైన రోజు అదే. గాలి లేని రోజు చూస్తారు. నీళ్ళు అద్దంలా ఉండాలి. పనివాళ్ళందరినీ దింపేస్తారు. మోకులు వదులు చేస్తారు. డెక్కు మీద, ఎంత బరువో కచ్చితంగా తెలిసిన దిమ్మలు పెట్టి ఉంటాయి. వాటిని ఒక పక్క నుంచి ఇంకో పక్కకి జరుపుతారు. అంత పెద్ద ఓడ వెంట్రుకవాసి ఒరుగుతుంది. కంటికి తెలియదు. లోపల పొడుగాటి తీగకి గుండు వేలాడదీసి ఉంటుంది, తాపీమేస్త్రీ గోడ నిలువు చూసుకునే గుండు లాంటిదే. ఊగకుండా ఉండడానికి దాన్ని తొట్టిలో ముంచి ఉంచుతారు. ఓడ ఒరిగినప్పుడు ఆ తీగ స్కేలు మీద కాస్త జరుగుతుంది. ఆ కాస్త జరుగుడు నుంచే ఓడ బరువు ఏ ఎత్తులో కూడుకుని ఉందో లెక్క తేలుస్తారు. కోట్ల రూపాయల ఓడ, వేల టన్నుల ఇనుము. చివరికి ఒక దారం, ఒక గుండు. ఆ కాసేపు యార్డులో ఎవరూ గట్టిగా మాట్లాడరు.

లెక్క అక్కడితో అయిపోదు. ప్రయాణికులందరూ ఒకే పక్కకి పోగైతే ఓడ ఎంత ఒరుగుతుంది అన్నది కూడా చూడాలి. పది డిగ్రీలు దాటకూడదు. ఇంకో సరదా సంగతి. ఓడకి కూడా మనలాగే ఏళ్ళు గడిచేకొద్దీ ఒళ్ళు వస్తుంది. రంగు మీద రంగు, కొత్త సోఫాలు, ఇంకో వంటగది. అందుకని ప్రయాణికుల ఓడని అయిదేళ్ళకోసారి మళ్ళీ తూకం వేసి చూడాలని నిబంధన. మనకి కూడా ఎవరైనా ఇలాంటి నిబంధన పెడితే బాగుండును.

ఇంతసేపూ నీళ్ళ గురించే మాట్లాడాను. ఓడవాణ్ణి అడిగితే నీళ్ళ కంటే నిప్పుకే ఎక్కువ భయపడతానంటాడు. ఇంట్లో నిప్పంటుకుంటే వీధిలోకి పరిగెత్తుతాం. ఓడలో వీధి ఏదీ?

వెనకటి ఓడల్లో గదుల గోడలు చెక్కవి. నున్నగా పాలిష్ పెట్టి, మీద రంగు మీద రంగు వేసి, తెరలు వేలాడదీసి, చూడ్డానికి రాజమహల్. అంటుకుంటే అగ్గిపెట్టె. 1934లో న్యూజెర్సీ తీరం దగ్గర మోరో కాసిల్ అలాగే కాలిపోయింది. 137 మంది. 1965లో మియామీ నుంచి బయల్దేరిన యార్మత్ కాసిల్ అలాగే కాలిపోయింది. తొంభై మంది. మధ్యలో ముప్పై ఏళ్ళు. ఈ లోపల నిబంధనలు రాలేదా? వచ్చాయి. కానీ యార్మత్ కాసిల్ 1927 నాటి ఓడ. పాత ఓడలకి మినహాయింపు. ఈ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. పాత ఓడలో చెక్క కొత్తదాని కంటే బాగా ఎండి ఉంటుంది కదా. నిప్పుకి ఆ మినహాయింపు సంగతి ఎవరు చెబుతారు? ఆ ఓడ కాలాకే పాతవాటిని కూడా దారికి తెచ్చే సవరణలు వచ్చాయి.

నిప్పుకి కూడా అదే మంత్రం. గట్టు. ఓడ పొడుగునా దాదాపు నలభై మీటర్లకి ఒకటి చొప్పున నిప్పు దాటని అడ్డుగోడ ఉండాలి. ఇనుప గోడ, దానికి మంట తట్టుకునే దుప్పటి. ఒక పక్క గంటసేపు కొలిమిలా మండినా రెండో పక్కకి మంటా పొగా రాకూడదు. అటువైపు గోడ కాలుతుంది, కానీ దానికి ఆనించిన కాగితం అంటుకోనంత మాత్రమే కాలాలి. గోడలో తలుపు ఉంటే ఆ తలుపూ అంతే తట్టుకోవాలి.

1990లో స్కాండినేవియన్ స్టార్ అనే ఓడ ఇంకో పాఠం నేర్పింది. 159 మంది పోయారు. వాళ్ళలో ఎక్కువమందిని చంపింది మంట కాదు, పొగ. వసారాల గోడలకి అంటించిన పలకలు మండి విషపు పొగ కమ్మింది. దారి కనబడలేదు. పొగ ఎప్పుడూ పైకి పోతుంది. పైన పెట్టిన దీపం పొగలో కలిసిపోతుంది. మనిషి పాకుతూ వెళ్ళాలి. పాకే మనిషికి దారి ఎక్కడ కనబడాలి? నేల దగ్గర. అందుకే ఇప్పుడు ఓడ వసారాల్లో గోడ అడుగున, అడుగు ఎత్తు దాటకుండా, మెరిసే గీత ఒకటి సాగుతూ ఉంటుంది. చాలామంది అలంకారం అనుకుంటారు. అలంకారం కాదు. చీకట్లో, పొగలో, చేతుల మీద మోకాళ్ళ మీద వెళ్ళే మనిషి పట్టుకోవాల్సిన దారం అది.

ఈ నిబంధనలన్నిటికీ తల్లి లాంటి ఒప్పందం ఒకటుంది. దాని పొట్టి పేరు సోలాస్. సముద్రంలో ప్రాణరక్షణ అని అర్థం. మొదటిసారి 1914 జనవరిలో, టైటానిక్ పోయిన రెండేళ్ళ లోపే, లండన్‌లో పదమూడు దేశాలు సంతకాలు పెట్టాయి. ఆ ఏడే యుద్ధం వచ్చి అమలు కాలేదు. తర్వాత నాలుగుసార్లు తిరగరాశారు. ఇప్పుడు నడుస్తున్నది 1974 నాటిది, మీద బోలెడు సవరణలతో. పన్నెండు మందికి మించి ప్రయాణికుల్ని ఎక్కించుకుంటే చాలు, దాని లెక్కలో అది ప్రయాణికుల ఓడే. 2010 జులై తర్వాత కట్టే పెద్ద ఓడలకి ఇంకో మెట్టు పెంచారు. ఒక గది మునిగినా, ఒక భాగం కాలినా, ఓడ తన ఇంజన్‌తో తానే రేవుకి చేరాలి. ప్రయాణికుడు బోటు ఎక్కే అవసరమే రాకూడదు. మొదట్లో నేనన్నది అదే. ఓడని మించిన లైఫ్‌బోటు లేదు.

ఇందులో మన కథ కూడా ఒకటి దాగి ఉంది. మన కోరంగి నుంచి, కాకినాడ నుంచి, విశాఖ నుంచి వేలమంది తెలుగువాళ్ళు కూలికి రంగూన్ వెళ్ళేవారు. పడకా లేదు, గదీ లేదు. డెక్కు మీద చాప పరుచుకుని పోవడమే. మక్కా యాత్రికుల ఓడలూ అంతే. ఇంతమందిని ఇలా ఎక్కించే ఓడలకి పూర్తి నిబంధనలు కుదరవన్నారు. 1931లో వాళ్ళ కోసం విడిగా, కొన్ని సడలింపులతో, నియమాలు రాశారు. వాటి పేరు సిమ్లా రూల్స్. సిమ్లాలో సముద్రం ఎక్కడుందని అడక్కండి. ఆనాటి దొరలు వేసవిలో కొండ మీద నుంచే దేశాన్ని ఏలేవారు. కొండమీద చల్లగా కూచుని, డెక్కు మీద ఎండలో పడి ఉన్నవాడికి ఎంత భద్రత చాలో రాశారు. ఎంత భద్రత, ఎంత చోటు ఇవ్వాలన్నది అంతర్జాతీయంగా మళ్ళీ తేల్చింది 1971, 1973ల్లో. అప్పటికి మన రంగూన్ ప్రయాణాలే ముగిసిపోయాయి.

ఇప్పుడు అసలు మాట. ఈ సోలాస్ ఒక దేశం నుంచి ఇంకో దేశానికి పోయే ఓడలకే. సొంత దేశంలో తిరిగేవాటికి ఆ దేశం చట్టమే దిక్కు. యుద్ధం లేని రోజుల్లో అతి పెద్ద ప్రాణనష్టాలు జరిగింది ఎక్కువగా ఆ గీతకి ఇవతలే. 1987 డిసెంబరులో ఫిలిప్పీన్స్‌లో దోనా పాజ్, నాలుగు వేలకు పైగా. 2002లో సెనెగల్ ఓడ జోలా, పద్దెనిమిది వందలకు పైగా, టైటానిక్ కంటే ఎక్కువ. మన దేశంలో 1947 జులై 17న, స్వతంత్రం నెల రోజుల్లో వస్తుందనగా, బొంబాయి నుంచి రేవస్ వెళ్ళే రామ్‌దాస్ మునిగింది. ఆరువందల మందికి పైగా.

మన గోదావరి మాటేమిటి? 2019 సెప్టెంబరు 15న పాపికొండలు చూడబోయి కచ్చులూరు దగ్గర బోటు మునిగిన సంగతి మీ గుండెల్లో ఇంకా పచ్చిగానే ఉంటుంది. డెబ్బై మందికి పైగా ఎక్కారు. చాలామంది తిరిగి రాలేదు. బోటుని బయటికి తీసేసరికి అయిదు వారాలు దాటింది. అంతకు రెండేళ్ళ ముందు కృష్ణలో పవిత్రసంగమం దగ్గర, ఆ రెంటికీ మధ్య కాలంలో గోదావరిలోనే మంటూరు దగ్గర కూడా బోట్లు మునిగాయి. లోపలి జలమార్గాల బోట్లకి మన దేశంలో చాలాకాలం 1917 నాటి చట్టమే నడిచింది. 2021లో కొత్త చట్టం వచ్చింది. బోటు ఎలా కట్టాలి, ఎవరు తనిఖీ చెయ్యాలి, ఎంతమందిని ఎక్కించాలి, అన్నీ అందులో ఉన్నాయి. కాగితం మీద గట్టు వేశారు. తూము మూసేది మాత్రం రేవు దగ్గరున్న మనుషులే. ఆ మనుషుల్లో మీరూ ఒకరు.

అందుకని మీతో రెండు మూడు మాటలు. ఈసారి ఏ లాంచీ ఎక్కినా, ఎంతమందికి అనుమతి ఉందో రాసిన బోర్డు వెతకండి. లేకపోతే సరంగుని అడగండి. నామోషీ పడకండి. లైఫ్ జాకెట్ సీటు కింద ఉంటే చాలదు, రేవు వదిలే ముందే ఒంటి మీద ఉండాలి, బిగించి ఉండాలి. పై అంతస్తు మీద పాటలు పెట్టి, కొండ వచ్చింది చూడండీ అనగానే అందరూ ఒక పక్కకి పరిగెత్తుతారు. మీరు వెళ్ళకండి. పిల్లల్ని వెళ్ళనివ్వకండి. ఈస్ట్‌లాండ్‌ని గుర్తు తెచ్చుకోండి.

పెద్ద ఓడ ఎక్కితే, పోర్ట్ బ్లెయిర్ ఓడే అనుకోండి, మీ పడక దగ్గర నుంచి పైకి రెండు దారులు ఎక్కడున్నాయో బయల్దేరకముందే ఒకసారి నడిచి చూసుకోండి. ఏడు పొట్టి కూతలు, వెంటనే ఒక పొడుగు కూత వినిపిస్తే అందరూ చెప్పిన చోటికి రమ్మని అర్థం. మళ్ళీ చెబుతున్నాను, ఏడు పొట్టివి, ఒక పొడుగుది. 2012లో ఇటలీ దగ్గర కోస్టా కాంకోర్డియా ఒరిగిన రాత్రి, ఆ రోజే ఎక్కిన వందల మందికి ఇంకా ఆ అభ్యాసం చేయించలేదు. ఇప్పుడు ఓడ కదిలే ముందో, కదిలిన వెంటనేనో చేయించాలి. ఆ కూత వినగానే పేకముక్కలు పక్కన పెట్టి, జాకెట్ తొడుక్కుని, పిల్లల చెయ్యి పట్టుకుని లేవండి. ఉత్త అభ్యాసమే అని పక్కవాళ్ళు కూచున్నా సరే, మీరు లేవండి.